అమ్మ ఎదపై బిడ్డ.. ఆసుపత్రిలో అడ్డేమిటి?

నెలలు నిండకుండా, తక్కువ బరువుతో పుట్టిన బిడ్డను తల్లి ఎదకు చర్మం చర్మం తగిలేలా ఆనించి ఉంచటం మందు, సెలైన్, ఆక్సిజన్ లాంటిదే. అదీ ఒక వైద్యమే. పుట్టిన వెంటనే దీన్ని మొదలెట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లోనే చెప్పింది. అయినా చాలా ఆసుపత్రుల్లో ఇది రోజుకు గంట, అరగంటకే పరిమితమవుతోంది. ఎందుకిలా? రోజూ పసికందుల మధ్య పనిచేసే నర్సులు, డాక్టర్లు, ఆరోగ్య కార్యకర్తలు చెప్పే కారణాలేమిటి? వాటిలో మన చేతిలో ఉన్నవెన్ని?

మీ ఇంట్లో కాన్పు 32వ వారానికే అయిపోయిందనుకోండి. బిడ్డ బరువు కేజీన్నర. పుట్టగానే ఒక్కసారి తల్లికి చూపించి, గుడ్డలో చుట్టి, పై అంతస్తుకు తీసుకుపోతారు. నాన్న ఫైలు పట్టుకుని బిడ్డ వెంట పరుగెడతాడు. అమ్మ కుట్ల నొప్పితో కింద వార్డులో ఉంటుంది. అమ్మమ్మ ఎన్‌ఐసీయూ తలుపు దగ్గర నిలబడి ఉంటుంది. మన ఊళ్లలో తరచూ ఇంకో మెలిక కూడా ఉంటుంది. కాన్పు ఒక నర్సింగ్‌హోమ్‌లో జరుగుతుంది, బిడ్డను వేరే వీధిలో ఉన్న పిల్లల ఆసుపత్రిలో చేరుస్తారు. తల్లి మళ్లీ బిడ్డ ముఖం చూసేది తాను డిశ్చార్జి అయ్యాకే. అప్పటిదాకా ఫోన్లో ఫొటోలే.

ఇదంతా బిడ్డ మంచికేనని మనం నమ్ముతాం. గాజుపెట్టె, పైన వెలిగే వార్మర్, పక్కన మోగే మానిటర్.. చూస్తేనే పెద్ద వైద్యం జరుగుతున్నట్టుంటుంది. నాలుగైదు రోజుల తర్వాత ఓ మధ్యాహ్నం నర్సు వచ్చి, ‘అమ్మా, ముందు గుండీలుండే నైటీ వేసుకుని రండి, బిడ్డకు కంగారూ కేర్ ఇద్దురుగాని’ అంటుంది. అసలే బెదిరి ఉన్న ఇంట్లో ‘కంగారూ’ అన్న మాట కూడా కంగారుగానే వినిపిస్తుంది. అరగంట కూర్చోబెట్టి, మళ్లీ బిడ్డను తీసుకెళ్లి లోపల పడుకోబెట్టేస్తారు. చుట్టాలెవరైనా అడిగితే ‘ఇవాళ కాసేపు ఎత్తుకోనిచ్చారు’ అని చెబుతాం.

కాసేపు ఎత్తుకోవటం వేరు, కంగారూ మదర్ కేర్ వేరు. డాక్టర్లు కేఎంసీ అని పిలిచే ఈ పద్ధతికి ఒక మోతాదు ఉంది. ఎప్పుడు మొదలెట్టాలి, రోజుకు ఎన్ని గంటలు చెయ్యాలి, ఎప్పుడు ఆపాలి అన్న లెక్క ఉంది. రెండున్నర కేజీల కంటే తక్కువ బరువుతో గానీ, 37 వారాలు నిండకుండా గానీ పుట్టిన బిడ్డలందరికీ ఇది అవసరం. మన దేశంలో పుట్టే ప్రతి వంద మందిలో దాదాపు 18 మంది రెండున్నర కేజీల లోపే ఉంటున్నారని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. అంటే మీకు తెలిసిన ఇళ్లలో కనీసం ఒకటి రెండింటికైనా ఇది సంబంధించిన విషయమే.

కొరతలోంచి వచ్చిన వైద్యం

1978లో కొలంబియా రాజధాని బొగోటాలోని ఓ ప్రసూతి ఆసుపత్రిలో ఇంక్యుబేటర్లు చాలక, ఒక్కోదాంట్లో ఒకరికి మించి పిల్లల్ని పడుకోబెట్టాల్సి వచ్చేది. ఒకరి ఇన్‌ఫెక్షన్ మరొకరికి అంటుకునేది. మరణాలు ఎక్కువగా ఉండేవి. విసిగిపోయిన తల్లులు కొందరు పిల్లల్ని వదిలేసి వెళ్లిపోయేవారు కూడా. అక్కడి పిల్లల వైద్యుడు డాక్టర్ ఎడ్గార్ రే సనాబ్రియా, తర్వాత ఆయనతో కలిసిన డాక్టర్ హెక్టర్ మార్టినెజ్ తల్లుల ఎదకే పిల్లల్ని కట్టి ఉంచటం మొదలుపెట్టారు. కంగారూ కూనలు పూర్తిగా ఎదగకుండానే పుట్టి, తల్లి పొట్టమీది సంచిలో పెరుగుతాయి కదా. పేరు అక్కడి నుంచి వచ్చింది.

ఈ పుట్టుకథే కేఎంసీకి ఒక రకంగా కీడు చేసింది. యంత్రాలు లేని చోట, డబ్బుల్లేని వాళ్లకు చేసే సర్దుబాటు వైద్యమన్న ముద్ర పడిపోయింది. కార్పొరేట్ ఆసుపత్రిలో చేర్పించిన కుటుంబానికి ‘బిడ్డను మీ ఎదమీద పెట్టుకోండి’ అంటే, ‘ఇంత ఫీజు కడుతున్నాం, ఇక్కడ ఇంక్యుబేటర్ లేదా?’ అన్న ప్రశ్న నోటిదాకా వస్తుంది. నిజానికి ఏ యంత్రానికీ కొరత లేని స్వీడన్‌లో, ఉప్సాలా లాంటి చోట్ల, తల్లిదండ్రులు నవజాత శిశు విభాగంలోనే ఉంటూ రోజులో ఎక్కువసేపు బిడ్డను ఎదపై ఉంచుకుంటారు. యంత్రాలన్నీ పక్కనే ఉంటాయి, బిడ్డ మాత్రం అమ్మ మీద ఉంటుంది.

వందలో నలుగురు

చాలాకాలం పాటు వైద్యులు పాటించిన నియమం ఒకటుంది. బిడ్డ కాస్త కుదుటపడ్డాకే, అంటే ఆక్సిజన్ అవసరం తగ్గి, ఊపిరి స్థిరపడ్డాకే కేఎంసీ మొదలెట్టాలి. కుదుటపడటానికి మూడు నుంచి ఏడు రోజులు పట్టొచ్చు. తక్కువ బరువు బిడ్డల్లో ఎక్కువ మరణాలు సంభవించేది సరిగ్గా ఆ మొదటి రోజుల్లోనే. మరి ఆ రోజుల్లోనే అమ్మ దగ్గర పెడితే ఏమవుతుంది?

ఇది తేల్చటానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఘనా, మలావి, నైజీరియా, టాంజానియా, భారత్‌లలోని ఐదు పెద్ద ఆసుపత్రుల్లో అధ్యయనం చేయించింది. మన దేశం నుంచి ఢిల్లీలోని సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి పాల్గొంది. కేజీ నుంచి 1.8 కేజీల లోపు బరువున్న 3,211 మంది బిడ్డల్ని తీసుకున్నారు. సగం మందికి పుట్టిన వెంటనే కేఎంసీ మొదలెట్టారు, మిగతా సగానికి పాత పద్ధతిలోనే కుదుటపడ్డాక చేశారు. ఆక్సిజన్, సీపాప్, మందులు రెండు బృందాలకూ ఒకటే. అమ్మ ఎద ఒక్కటే తేడా. మొదటి బృందంలోని బిడ్డలు ఇంటెన్సివ్ కేర్‌లో ఉండగా రోజుకు సుమారు 17 గంటలు ఎవరో ఒకరి ఎద మీద ఉన్నారు. రెండో బృందంలో అది గంటన్నర.

28 రోజుల్లోగా చనిపోయినవారు పాత పద్ధతిలో 15.7 శాతం. వెంటనే మొదలెట్టిన వారిలో 12 శాతం. వందమందికి దాదాపు నలుగురు అదనంగా బతికారు. లాభం ఇంత స్పష్టంగా కనబడుతుంటే సగం మందికి దాన్ని ఆలస్యం చెయ్యటం న్యాయం కాదని, అధ్యయనాన్ని అనుకున్నదానికంటే ముందే ఆపేశారు. 2021లో ఫలితాలు వెలువడ్డాయి. 2022 నవంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు మార్చేసింది. వీలైనంత త్వరగా, పుట్టిన వెంటనే మొదలెట్టాలి. రోజుకు 8 నుంచి 24 గంటలు, ఎంత ఎక్కువైతే అంత మేలు. ఆసుపత్రిలో ఇంతేసి గంటలు, డిశ్చార్జి అయ్యాక ఇంట్లో కూడా.

ఎదకు ఆనించి ఉంచితే ఇంత ఎలా జరుగుతుందన్న సందేహం సహజమే. నెలలు నిండని బిడ్డకు చర్మం కింద కొవ్వు ఉండదు. చలేస్తే మనలా వణికి వేడి పుట్టించుకోలేదు. ఒళ్లు చల్లబడిందంటే ఉన్న కాస్త శక్తీ వేడి కోసమే ఖర్చయిపోతుంది. రక్తంలో చక్కెర పడిపోతుంది, ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది. అమ్మ ఎద ఆ వేడిని నిలకడగా అందిస్తుంది. కరెంటు పోయినా ఆగదు. అమ్మ గుండె చప్పుడు, ఊపిరి కదలిక తగులుతుంటే బిడ్డ ఊపిరి మరిచిపోవటం తగ్గుతుంది. ఆసుపత్రిలోని మొండి సూక్ష్మక్రిములకు బదులు అమ్మ ఒంటిమీది మామూలు సూక్ష్మక్రిములు ముందుగా బిడ్డ చర్మాన్ని చేరతాయి. బిడ్డ వాసన, స్పర్శ తగిలితే అమ్మకు పాలు బాగా పడతాయి. ఇక బిడ్డకు తేడా చేస్తే అందరికంటే ముందు పసిగట్టేది ఎదమీద పెట్టుకున్న మనిషే.

‘మంచిదే.. కానీ’

మరి ఎందుకు చెయ్యటం లేదు? ఈ ప్రశ్నతో నర్సుల్ని, డాక్టర్లను, క్షేత్రస్థాయి కార్యకర్తల్ని అడిగి చేసిన అధ్యయనాలు మన దేశంలోనూ, ఆఫ్రికా, లాటిన్ అమెరికాల్లోనూ చాలానే ఉన్నాయి. దేశాలు వేరైనా జవాబులు ఆశ్చర్యపోయేంత దగ్గరగా ఉంటాయి. కేఎంసీ పనికిరాదనేవాళ్లు తక్కువే. ‘మంచిదే, కానీ..’ అనేవాళ్లే ఎక్కువ. ఆ ‘కానీ’ తర్వాత ఏం చెబుతారో మీరు తెలుసుకోవాలి. రేపు ఆ తలుపు దగ్గర నిలబడాల్సి వస్తే, ఎవరిని ఏం అడగాలో అర్థమవుతుంది.

నర్సులు ముందుగా చెప్పేది పని ఒత్తిడి. ఇందులో అతిశయోక్తి లేదు. బిడ్డ చేతికి సెలైన్ సూది, ముక్కులో పాలగొట్టం, కాలికి ఆక్సిజన్ కొలిచే తీగ ఉంటాయి. ఇవేవీ కదలకుండా బిడ్డను వార్మర్ మీంచి తల్లి మీదకు చేర్చాలంటే ఇద్దరు ఉండాలి. ఈలోగా పక్క బిడ్డ మానిటర్ మోగుతుంది. సూది ఊడిపోతే, దారమంత నరంలోకి దాన్ని మళ్లీ ఎక్కించటం మాటలు కాదు. ఏదైనా తేడా వస్తే మాట పడేది ఆ డ్యూటీలో ఉన్న నర్సే. ఒక్కరికి చాలామంది బిడ్డల్ని అప్పగించి, ‘కేఎంసీ కూడా చేయించు’ అంటే, ఆమెకు అది మరో అదనపు పనిగానే కనిపిస్తుంది.

దీన్ని అలవాటుగా మార్చుకున్న చోట్ల మాత్రం నర్సులే ఇంకో మాట చెబుతారు. మొదటి వారం కష్టం, ఆ తర్వాత పని తేలికవుతుందని. తల్లి పక్కనే ఉంటే పాలు పిండి తేవటం, పట్టటం, తడిసిన గుడ్డ మార్చటం, ఒళ్లు వెచ్చగా ఉందో లేదో చూడటం ఆమే చేసుకుంటుంది. బిడ్డ ఏడుపు తగ్గుతుంది. ముందునుంచే కేఎంసీ చేస్తున్న మరో తల్లి కొత్తగా వచ్చిన తల్లికి నేర్పుతుంది. నర్సు చెప్పినదానికంటే ఆమె చెప్పింది త్వరగా ఎక్కుతుంది కూడా.

డాక్టర్ల ‘కానీ’ వేరు. వాళ్లలో చాలామంది చదువుకున్నది ‘కుదుటపడ్డాకే’ అన్న పాఠం. ఆక్సిజన్ మీదున్న బిడ్డను కదిలించటానికి మనసొప్పదు. ఆ జాగ్రత్త బిడ్డ మీది బాధ్యతతో వచ్చిందే, దాన్ని తప్పుపట్టలేం. అయితే 2021 తర్వాత ఆ పాఠం పాతబడింది. సెలైన్ ఎక్కుతున్నా, ఆక్సిజన్ పెట్టినా, సీపాప్ మీదున్నా కేఎంసీ చెయ్యొచ్చు. పుట్టాక ఎంత ప్రయత్నించినా సొంతంగా ఊపిరి తీసుకోలేకపోతున్నా, షాక్‌లో ఉన్నా, వెంటిలేటర్ అవసరమైనా అప్పుడు ఆగాలి. ఆ స్థితి దాటగానే మొదలెట్టాలి.

మూడోది ఇన్‌ఫెక్షన్ల భయం. బయటివాళ్లు లోపలికొస్తే రోగాలు మోసుకొస్తారన్నది దశాబ్దాలుగా పాతుకుపోయిన ఆలోచన. అందుకే తలుపు దగ్గర సెక్యూరిటీ గార్డు ఉంటాడు, సాయంత్రం నాలుగు నుంచి అయిదు మధ్య ఒక్కరినే అన్న బోర్డూ ఉంటుంది. డాక్టరు కేఎంసీ రాసినా, ఆయా ‘ఇప్పుడు కాదు, డ్రెస్సింగ్ టైమ్’ అంటే తల్లి వెనక్కి వచ్చేస్తుంది. ఆ తలుపును నడిపించేది చాలాచోట్ల డాక్టరు కాదని ఆసుపత్రుల్లో తిరిగినవాళ్లందరికీ తెలుసు. శిక్షణ ఇచ్చేటప్పుడు ఆయాల్నీ, గార్డుల్నీ కూడా కూర్చోబెట్టాలి. అయితే ఐదు దేశాల అధ్యయనంలో తల్లులు ఇరవై నాలుగ్గంటలూ లోపలే ఉన్నా, ఇన్‌ఫెక్షన్ అనుమానించిన బిడ్డలు ఆ బృందంలోనే తక్కువ. చేతులు కడుక్కుని లోపలికొచ్చే తల్లిని ‘బయటి మనిషి’ అనుకోవటంలోనే పొరపాటు ఉంది.

ఇక చివరిది చాలా చిన్న విషయంలా కనిపిస్తుంది. కుర్చీ. బాలింత, అందులోనూ పొట్ట మీద కుట్లున్న బాలింత, ప్లాస్టిక్ కుర్చీలో నిటారుగా ఎంతసేపు కూర్చుంటుంది? అరగంట. అందుకే కేఎంసీ అరగంటే జరుగుతుంది! వెనక్కి వాలే కుర్చీ, లేదా తల వైపు ఎత్తగలిగే మంచం, చుట్టూ ఒక కర్టెన్, దగ్గర్లో బాత్రూమ్, సమయానికి భోజనం.. ఇవి లేకుండా ఎనిమిది గంటలంటే అయ్యే పని కాదు. లక్షల రూపాయల వెంటిలేటర్ కొన్న యూనిట్‌లో కూడా వాలు కుర్చీ ఒకటో రెండో ఉంటాయి. ఇది డబ్బు సమస్య కంటే ఆలోచన సమస్య అనిపిస్తుంది. కేస్ షీట్‌లో కూడా ఇంతే. ఆక్సిజన్ ఎంత, పాలు ఎన్ని మిల్లీలీటర్లు, బరువు ఎన్ని గ్రాములు అన్నవాటికి గడులుంటాయి. ఈరోజు కేఎంసీ ఎన్ని గంటలు అన్న గడి చాలాచోట్ల ఉండదు. రాయాల్సిన అవసరం లేని పని మెల్లగా జారిపోతుంది.

సిబ్బంది చెప్పే మరో కారణం, ‘తల్లులే ఒప్పుకోవటం లేదు’. తల్లుల్ని అడిగితే, ‘మాకు ఎవరూ సరిగ్గా చెప్పలేదు’ అంటారు. రెండూ నిజమే అయ్యుండొచ్చు. సిజేరియన్ అయిన మర్నాడు మత్తులో, నొప్పిలో ఉన్న మనిషికి రెండు ముక్కల్లో చెప్పేసి వెళితే చెప్పినట్టూ కాదు, విన్నట్టూ కాదు. కాన్పుకు ముందే, నెలలు నిండకుండా ప్రసవమయ్యే అవకాశం కనబడగానే, భర్తనూ అమ్మమ్మనూ కూర్చోబెట్టి చెబితే పరిస్థితి వేరుగా ఉంటుంది.

అమ్మకే మంచం వెయ్యొచ్చు

ఈ ‘కానీ’లకు సఫ్దర్‌జంగ్ లాంటి చోట్ల వెతికిన జవాబు నేరుగా ఉంది. బిడ్డ దగ్గరకు తల్లి రోజూ వచ్చిపోవటం మానేసి, నవజాత శిశు విభాగంలోనే తల్లికీ మంచం వెయ్యటం. తల్లికి కావాల్సిన కాన్పు డాక్టర్ల రౌండ్లు, కుట్ల డ్రెస్సింగ్, బీపీ చూడటం అన్నీ అక్కడే జరుగుతాయి. కేంద్ర ఆరోగ్య శాఖ కూడా ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఇలాంటి తల్లీబిడ్డల సంరక్షణ విభాగాలు పెట్టాలని మార్గదర్శకాలిచ్చింది. వాటిని ఎంఎన్‌సీయూలంటున్నారు. కాన్పు విభాగం, పిల్లల విభాగం రెండూ ఒకే మాట మీద నడిస్తేనే ఇది సాధ్యం. రెండింటికీ వేర్వేరు పెద్దలు, వేర్వేరు నర్సులు, కొన్నిచోట్ల వేర్వేరు భవనాలు ఉంటాయి కాబట్టి అదే పెద్ద పని.

మధ్యతరగతి కుటుంబాలు ఎక్కువగా వెళ్లేది ప్రైవేటు ఆసుపత్రులకు. అక్కడ మీరు చెయ్యగలిగింది ఒకటుంది. బిడ్డ ముందే పుట్టొచ్చని డాక్టరు చెబితే, కాన్పు, పిల్లల ఇంటెన్సివ్ కేర్ రెండూ ఒకే కప్పు కింద ఉన్న చోటును ఎంచుకోండి. చేరేముందే ఈ ప్రశ్నలు అడగండి. మీ దగ్గర కేఎంసీ ఎప్పటినుంచి మొదలెడతారు? రోజుకు ఎన్ని గంటలు తల్లిని లోపల ఉండనిస్తారు? తల్లి రాలేకపోతే తండ్రినో, అమ్మమ్మనో రానిస్తారా? రాత్రి? వాలు కుర్చీ ఉందా? వీటికి తడబడకుండా జవాబొచ్చే చోట అది నిజంగా జరుగుతోందని అర్థం. ఏసీ గది ఎలా ఉందని అడిగే మనం ఈ నాలుగూ అడగటానికి మొహమాటపడాల్సిన పనిలేదు.

మన ఇంట్లోని అడ్డంకులు

తప్పంతా ఆసుపత్రులదే అనటానికి లేదు. తెలంగాణలో నూటికి 60.7, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 కాన్పులు సిజేరియన్లేనని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత లెక్క. అంటే మన తల్లుల్లో చాలామంది కేఎంసీ మొదలెట్టాల్సింది పొట్ట మీద కోతతోనే. నొప్పి తగ్గే మందు సమయానికి ఇప్పించి, తల వైపు మంచం ఎత్తి, మోకాళ్ల కింద దిండు పెడితే మొదటిరోజు నుంచే కొంతసేపు చెయ్యగలుగుతారు. బిడ్డ బరువు పడేది రొమ్ముల మధ్య, కుట్లకు చాలా పైన. ఆ మాట ఎవరో ఒకరు చెబితే సగం భయం పోతుంది.

తల్లి చెయ్యలేని గంటల్లో మిగతావాళ్లు చెయ్యాలి. తొలి కాన్పు పుట్టింట్లో చెయ్యటం మన ఆనవాయితీ కాబట్టి, అల్లుడుగారు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉద్యోగంలో ఉండి, వారాంతాల్లో వచ్చి చూసి వెళ్లటం మామూలు. నెలలు నిండని బిడ్డ విషయంలో ఆ పద్ధతి పనికిరాదు. నాన్న ఎద కూడా అంతే వెచ్చగా ఉంటుంది. ‘మగవాడు వార్డులో చొక్కా విప్పి కూర్చుంటాడా?’ అన్న మాట అత్తగారి నుంచో, నర్సు నుంచో వస్తుంది. కర్టెన్ వేస్తే సరిపోయే సమస్యను మర్యాద సమస్యగా చూస్తున్నాం. ముందుకొచ్చే తండ్రుల్ని వద్దనకండి.

అమ్మమ్మ, నాయనమ్మల భయం మరోరకం. ‘ఇంత గుప్పెడు బిడ్డ, ముట్టుకుంటేనే ఏమవుతుందో’ అంటారు. బాలింతకు గాలి తగలకూడదు, లేచి కూర్చోకూడదు, నడుం కట్టుకుని పడుకోవాలి అని కూడా. వాళ్లతో వాదన పెట్టుకోవద్దు. వాళ్లనే లోపలికి తీసుకెళ్లి ఒక గంట వాళ్ల ఎదమీద పెట్టించండి. ఆ తర్వాత ఇంట్లో కేఎంసీ సమయానికి అందరికంటే ముందు గుర్తుచేసేది ఆవిడే అవుతుంది.

ఎలా పెట్టుకోవాలి?

మొదటిసారి తప్పకుండా నర్సు సాయంతోనే చెయ్యాలి. బిడ్డకు టోపీ, సాక్సులు, డైపరు మాత్రం ఉంచి మిగతా బట్టలు తీసేస్తారు. తల్లి ముందు తెరుచుకునే నైటీనో, జాకెట్టో వేసుకోవాలి. లోపల ఏమీ ఉండకూడదు. బిడ్డను నిలువుగా రొమ్ముల మధ్య ఆనిస్తారు. తల ఒక పక్కకు తిప్పి, గడ్డం ఛాతీకి అదిమినట్టు కాకుండా కొద్దిగా పైకి ఉంచాలి. ఊపిరి దారి తెరుచుకునేది ఆ భంగిమలోనే. కాళ్లు కప్పలా ముడుచుకుని విడిగా, చేతులు మడిచి ఉండాలి. తర్వాత మెత్తటి నూలు గుడ్డతోనో, ఆసుపత్రి ఇచ్చే కేఎంసీ బెల్టుతోనో కడతారు. కట్టు బిడ్డ జారనంత బిగువుగా ఉండాలి, పొట్ట కదలికకు అడ్డుపడకూడదు. ముక్కు, నోరు ఎప్పుడూ కనబడుతుండాలి.

ఇంకో చిన్న సంగతి. మనవాళ్లు పుస్తెల తాడుకు పిన్నీసులు గుచ్చుకుని ఉంచుకుంటారు. అవి తీసెయ్యండి. నల్లపూసలు, గొలుసులు వీపు వైపు తిప్పుకోవటమో, తీసి పక్కన పెట్టటమో మంచిది. సెంటు, పౌడరు వద్దు. కేఎంసీ చేసేవారికి జ్వరం, దగ్గు, చర్మం మీద పుండ్లు ఉండకూడదు. రోజూ స్నానం చేసి, మోచేతుల దాకా చేతులు కడుక్కుంటే చాలు.

ఒకసారి పెట్టుకుంటే కనీసం గంటైనా ఉంచండి. పది పది నిమిషాలకు తీసి పెడుతుంటే బిడ్డ ఇంకా అలిసిపోతుంది. వెనక్కి వాలి కూర్చోవాలి, పూర్తిగా పడుకోకూడదు. కునుకు పడితే వాలుగా ఉన్న భంగిమలోనే, పక్కన మెలకువగా ఒకరు ఉండగానే. కుదిరితే లేచి నెమ్మదిగా నడవొచ్చు, చదువుకోవచ్చు. ఫోన్ కూడా చూసుకోవచ్చు కానీ, అందులో మునిగిపోతే బిడ్డ రంగు మారినా తెలియదు. పాలు రెండు గంటలకోసారి ఇవ్వాలి. చప్పరించలేకపోతే పిండిన పాలు గొట్టంతోనో, ఉగ్గుగిన్నెతోనో పడతారు. కవలలైతే ఇద్దరినీ ఒకేసారి పెట్టుకోవచ్చు. లేదా ఒకరు అమ్మ దగ్గర, ఒకరు నాన్న దగ్గర. ఎండాకాలంలో గదిని మరీ వేడిగా ఉంచక్కర్లేదు. అలాగని ఫ్యాను గాలి నేరుగా బిడ్డ మీద పడనివ్వద్దు.

ఊపిరి ఆగినట్టున్నా, పెదాలు నీలంగా మారినా, పాదాలు చల్లబడినా, ఆయాసపడుతున్నా, పాలు తాగటం మానేసి మగతగా ఉన్నా, ఒళ్లు పచ్చబడినా, ఫిట్స్ వచ్చినా క్షణం ఆలస్యం చెయ్యకూడదు. ఆసుపత్రిలో అయితే వెంటనే పిలవాలి, ఇంట్లో అయితే బయల్దేరాలి.

ఇంటికొచ్చాక ఆగిపోతోంది

ఆశా, ఏఎన్‌ఎం కార్యకర్తలు ఇళ్లకు వెళ్లినప్పుడు చూసేది తరచూ ఒకటే. ఆసుపత్రిలో చక్కగా చేసిన తల్లి ఇంట్లో మానేస్తుంది. చూడవచ్చే చుట్టాలు, పదకొండో రోజు పురుడు, ఇరవై ఒకటో రోజు బారసాల, ఆపైన ఇంటిపని. హరియాణాలో 1.5 నుంచి 2.25 కేజీల బరువున్న 8,402 మంది బిడ్డలపై చేసిన అధ్యయనం ఇక్కడ గుర్తుచెయ్యాలి. కార్యకర్తలు ఇళ్లకు వెళ్లి కేఎంసీ నేర్పి చేయించిన బిడ్డల్లో మొదటి 28 రోజుల మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. 2019లో వచ్చిన ఈ ఫలితాలు కేఎంసీ ఇంటిపట్టున కూడా ప్రాణాలు కాపాడుతుందని చూపించాయి. కాబట్టి బారసాల నెలరోజులు వాయిదా వెయ్యండి. చూడటానికి వచ్చేవాళ్లను ఫోన్లోనే ఆశీర్వదించమనండి. సాంబ్రాణి పొగ ఆ చిన్న ఊపిరితిత్తుల దగ్గరకు రానివ్వద్దు. స్నానం, నూనె మర్దన ఎప్పటినుంచన్నది డాక్టరునడిగి చెయ్యండి. ఆసుపత్రి కాన్పయితే ఆశా కార్యకర్త 42వ రోజులోగా ఆరుసార్లు ఇంటికి రావాలి. పట్టణంలో, అపార్ట్‌మెంట్‌లో ఉన్నాం మనకెందుకులే అనుకోకుండా, ఆమెతో బరువు తూయించుకోండి. కేఎంసీ ఎన్ని గంటలు చేశారో గోడమీది క్యాలెండర్‌లోనే రాసిపెట్టండి, ఇంట్లో ఎవరు ఎన్ని గంటలు చేశారో అదే చెబుతుంది.

బిడ్డ రెండున్నర కేజీలకు చేరేదాకా, లేదా నెలలు నిండాల్సిన సమయం వచ్చేదాకా దీన్ని కొనసాగించాలి. అప్పటికి సాధారణంగా బిడ్డే కాళ్లతో తన్నుతూ, బయటికి రావటానికి పెనుగులాడుతుంది. ఉక్కపోసి ఏడుస్తుంది. అది ఆపొచ్చని గుర్తు. ఇంకా కేఎంసీ సాగుతున్నా సరే, రెండు కేజీల లోపు బరువుతో గానీ, 34 వారాల లోపు గానీ పుట్టిన బిడ్డకు 30 రోజుల్లోగా కంటి రెటీనా పరీక్ష చేయించటం మాత్రం మరవకండి. మరీ చిన్నగా, 1,200 గ్రాముల లోపు పుడితే 20 రోజుల్లోగానే. డిశ్చార్జి కాగితంలో ఆ తేదీ రాసి ఉందో లేదో ఆసుపత్రి నుంచి బయటికొచ్చే ముందే చూసుకోండి.